ఆయనేమన్నారో ముందు చెప్పండి

మా సబ్‌స్టేషన్ కంచె దాటగానే మిరప కల్లాలు మొదలవుతాయి. కోతల కాలంలో ఎర్రగా పరిచిన కాయ మీదుగా గాలి వీచిందంటే ఆ ఘాటు కిటికీల్లోంచి కంట్రోల్ రూములోకి వచ్చి ముక్కులో కూర్చుంటుంది. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో తుమ్ముతూనే డ్యూటీ చేస్తారు. మొన్నొక మధ్యాహ్నం మా కొత్త ఆపరేటర్ జ్యోతి అలా తుమ్ముతూనే ఫోనెత్తింది. నేను పక్క గదిలో ఏదో రాసుకుంటున్నాను. "అన్నా, ఆగు. నువ్వు చెప్పింది నేను తిరిగి చెబుతా, విను" అంటోంది. "ముత్యాలపాడు ఫీడర్లో పని అయిపోయింది. నీతో వచ్చినవాళ్లంతా స్తంభాలు దిగారు. అందర్నీ నువ్వే కళ్లారా చూశావు. నువ్వు చెప్పింది ఇదేనా?" స్పీకరులోంచి "అవును తల్లీ, ఇదే" అన్న మాట వచ్చాకే ఆ అమ్మాయి లేచి స్విచ్చు దగ్గరకు వెళ్లింది. ఆ మిరప ఘాటులో, ఆ మాటల వరసలో, నాకు ఉన్నపళంగా సైదాబీ మేడం గుర్తొచ్చారు. జ్యోతి ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఆ మాటలు ఆమెవని కూడా తెలియదు.

కరెంటు పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పెద్ద లైన్ల మీద వచ్చే కరెంటును తగ్గించి చుట్టుపక్కల ఊళ్లకు పంపే చోటే సబ్‌స్టేషన్. ఒక్కో ఊరివైపు వెళ్లే లైన్‌ను ఫీడర్ అంటాం. లోపల స్విచ్చుల దగ్గర ఆపరేటర్ ఉంటాడు. బయట స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. లైన్‌మన్ అడిగితే ఆపరేటర్ ఆ ఫీడర్‌కు కరెంటు ఆపుతాడు, పని అయిందని చెబితే మళ్లీ ఇస్తాడు. ఇద్దరి మధ్యా ఉండేది ఫోనులో పలికే మాట ఒక్కటే. ఆమెను కలిసిన రోజుల్లో నేను ఇదే సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. నాతోపాటు ప్రసాద్ అని ఇంకో ఆపరేటర్ ఉండేవాడు. నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు.

ఒక వేసవిలో గాలివాన వచ్చి వెళ్లిన మర్నాడు రెండు ఫీడర్లు ఆపి పని చేస్తున్నారు. ముత్యాలపాడు లైన్ మీద సీనియర్ లైన్‌మన్ వెంకటేశ్వర్లు మనుషులను పెట్టుకుని తీగలు లాగిస్తున్నాడు. కొత్తపాలెం లైన్ మీద అంకమ్మరావు అనే లైన్‌మన్ స్తంభమెక్కి తీగను పట్టి ఉంచే పగిలిన పింగాణీ బుడ్డి మారుస్తున్నాడు. డ్యూటీలో ప్రసాద్ ఉన్నాడు. అతనిది కొత్తపాలెమే. కరెంటు ఎప్పుడొస్తుందని పొద్దున్నుంచీ సొంతూరి నుంచి ఒకటే ఫోన్లు. ఇంతలో వెంకటేశ్వర్లు ఫోన్ చేశాడు. "ప్రసాదూ, మనది అయిపోయింది, ఇచ్చెయ్" అన్నాడు. వెంకటేశ్వర్లుకు మనదంటే ముత్యాలపాడు. ప్రసాద్‌కు మనదంటే కొత్తపాలెం. ప్రసాద్ కొత్తపాలేనికి కరెంటిచ్చాడు. స్తంభం మీద నుంచి అంకమ్మరావు పత్తిచేలో పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ, గుంటూరు ఆస్పత్రిలో కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

కరెంటు ఆపించుకున్న మనిషే లైన్ పేరు చెప్పి తిరిగి అప్పగించాలన్న నియమం అందరికీ తెలుసు. కానీ పని ఎక్కువై, గొంతు గుర్తుపట్టి ఇచ్చెయ్యడం అందరికీ అలవాటైపోయింది. విచారణలో వెంకటేశ్వర్లు తాను ఫీడర్ పేరు స్పష్టంగా చెప్పానన్నాడు. ప్రసాద్ చెప్పలేదన్నాడు. ప్రసాద్‌ను కొన్నాళ్లు సస్పెండ్ చేసి మళ్లీ తీసుకున్నారు. తిరిగొచ్చాక అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. లైన్‌మన్లు మా ఫోన్లు ఎత్తడం మానేశారు. స్తంభమెక్కే ముందు వాళ్లలో ఒకడు వచ్చి స్విచ్చు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాడు. "మీ చేతుల్లో మా ప్రాణాలు పెట్టం" అని ముఖం మీదే అనేవాళ్లు. ఆ మాట నాకూ తగిలేది. ఒకే గదిలో ఉంటూ, ఒకే పని చేస్తూ, పగవాళ్లలా బతికాం.

అలాంటి సమయంలో ఆపరేటర్లకూ లైన్‌మన్లకూ కలిపి గుంటూరులో శిక్షణ అని ఉత్తర్వు వచ్చింది. మాట్లాడటం, వినడం, కలిసి పనిచెయ్యడం గురించి అట. బస్సులో వెనక సీట్లోంచి వెంకటేశ్వర్లు అందరికీ వినబడేట్టు అన్నాడు: "మనిషికి చెయ్యి పోయాక మనకి మాటలు నేర్పుతారంట." బస్సంతా నవ్వింది. ప్రసాద్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మాకు వచ్చేది ఎవరో టై కట్టుకున్న మనిషి, గోడ మీద బొమ్మలేసి చూపించి, మధ్యాహ్నం భోజనం పెట్టించి పంపేస్తాడని అనుకున్నాం.

హాల్లో మా కోసం ఎదురుచూస్తున్నది సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకావిడ. గంజి పెట్టిన నేత చీర, కొంగు తల మీదుగా తిప్పి భుజాన దోపుకున్నారు. చీర కింద మాత్రం మేం లైన్ల దగ్గర వేసుకునే బరువైన సేఫ్టీ బూట్లు! పేరు సైదాబీ అనీ, సొంతూరు కనిగిరి అనీ, ఇంజనీరుగా పల్లెల్లో చాలాకాలం పనిచేశాక శిక్షణ విభాగానికి వచ్చాననీ చెప్పారు. గొంతు బాగా చిన్నది. మైకు ఉన్నా పట్టుకోలేదు. ఆమె మాట వినాలంటే మేం ముందుకు వంగాల్సి వచ్చింది. కాసేపటికి వెనక వరసల వాళ్లు వాళ్లంతట వాళ్లే ముందుకొచ్చి కూర్చున్నారు.

మొదటి రోజు ఆమె పాఠమేమీ చెప్పలేదు. "మీరు రోజూ ఫోన్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి, నాకోసం మార్చొద్దు" అని మమ్మల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టారు. మొదట సిగ్గుపడ్డాం. తర్వాత మామూలుగానే మాట్లాడాం. "ఏరా, అదే, ఆ పైది ఆపెయ్." "మొన్న చేశాం చూడు, దాని పక్కది." "మనది ఇచ్చెయ్." ఆమె ఆ చివరి మాట దగ్గర ఆపారు. వరసగా ఒక్కొక్కరినీ అడిగారు, మనదంటే మీకు ఏది అని. ఒక లైన్‌మన్ తను పనిచేసే ఊరి పేరు చెప్పాడు. ఒక ఆపరేటర్ తను పుట్టిన ఊరి పేరు చెప్పాడు. ఇంకొకతను అత్తగారి ఊరి పేరు చెబితే అందరం పగలబడి నవ్వాం. నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఎవరికి వాళ్లకు అంకమ్మరావు గుర్తొచ్చినట్టున్నాడు. ఆమె ఎవరి తప్పో తేల్చే మాట ఒక్కటీ అనలేదు. "రేపు పొద్దున కలుద్దాం" అని మాత్రం అన్నారు. తిట్టకుండా, నీతులు చెప్పకుండా పంపించిన ఆఫీసరును అదే మొదటిసారి చూడటం.

రెండో రోజు జరిగింది నేను ఎప్పటికీ మర్చిపోలేను. ఫోన్లో చెప్పింది తిరిగి చెప్పించుకోవడం గురించి ఆమె మాట్లాడుతుంటే వెంకటేశ్వర్లు లేచాడు. "మేడం, ఫ్యాను కింద కూర్చుని చెప్పడం తేలికే. ఎండలో స్తంభం కింద నిలబడి..." అంటుండగా ఆమె విసుగ్గా చెయ్యెత్తారు. "వెంకటేశ్వర్లు గారూ, సాకులు తర్వాత. కూర్చోండి." వెంకటేశ్వర్లు కూర్చోలేదు. కండువా దులుపుకుని తిన్నగా బయటికి నడిచాడు. ఆమె పాఠం కొనసాగించారు. కానీ గొంతులో ఏదో తేడా. కాసేపటికి మాట మధ్యలోనే ఆపేసి, "నేనిప్పుడేం చేశానో చూశారా?" అన్నారు. "నిన్నటి నుంచీ మీరు చెయ్యొద్దని చెబుతున్నదే నేను చేశాను. ఆయన మాట పూర్తి కానివ్వలేదు" అన్నారు. తర్వాత తలుపు పక్కనున్న నన్ను చూసి, "శ్రీనివాసరావు గారూ, నాతో రండి. నేను మళ్లీ మధ్యలో మాట్లాడితే ఆపడానికి ఒకరుండాలి" అన్నారు.

వెంకటేశ్వర్లు గేటు ఎదురుగా టీ బంకు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఆ బెంచీ మీదే ఈ చివర కూర్చున్నారు. "మీ మాట మధ్యలో తుంచేశాను. అందరి ముందూ తుంచేశాను. తప్పు నాది. మిగతాది చెప్పండి, వింటాను" అన్నారు. టీ వచ్చింది. చల్లారుతోంది. అప్పుడు అతను మొదలుపెట్టాడు. ఒక మనిషికి ఇన్ని ఊళ్లేమిటని, ఒక చెవిలో రైతు అరుస్తుంటే ఇంకో చెవిలో ఆఫీసరు అరుస్తాడని, ఫోను భుజానికి నొక్కుకుని చేతుల్తో తాడు లాగుతూ మాట్లాడతామని. గొంతు పెంచి మొదలుపెట్టినవాడు పోనుపోను తగ్గించేశాడు. చివరికి నేల చూస్తూ అన్నాడు: "ఆరోజు ఫీడర్ పేరు చెప్పాననే విచారణలో చెప్పా మేడం. నిజానికి ఏమన్నానో నాకే గుర్తులేదు. చెప్పి ఉంటాననుకున్నా. అనుకుంటూ అనుకుంటూ అదే నిజమనిపించింది."

ఈ మాట బయటపడితే అతని ఉద్యోగానికే ఎసరు. ఆమె బెదిరించలేదు, ఓదార్చనూ లేదు. అతను చెప్పిందంతా, ఎండ దగ్గర్నుంచి ఆ చివరి మాట దాకా, అతని మాటల్లోనే మెల్లగా తిరిగి చెప్పారు. "మీరు చెప్పింది ఇదేనా?" అని అడిగారు. వెంకటేశ్వర్లు తలూపి, "ఇదే మేడం. ఇంతదాకా ఎవరూ చివరిదాకా విన్లేదు" అన్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి మాతోపాటు హాల్లోకి వచ్చాడు. వచ్చాక ఆమె అందరి ముందూ మళ్లీ క్షమాపణ చెప్పారు. టీ బంకు దగ్గర అతనేమన్నాడో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పుకోవాల్సినవాడు అతనేనని ఆమె ఏమీ అనకుండానే నాకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం ఆమె ఆఫీసర్ల గదిలోకి వెళ్లకుండా మా మధ్యే కూర్చుని డబ్బా విప్పేవారు. సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం. "గుంటూరు మిర్చి మా ఇంట్లో మా ఆయనకి పడదు, నాకు అదే కావాలి" అని నవ్వేవారు. తను ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని ఒకరోజు అడిగాను. కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో కొత్తగా ఇంజనీరుగా చేరినప్పుడు ఆడమనిషి చెబితే లైన్‌మన్లు సరేననేవాళ్లట, తర్వాత తమకు తోచింది చేసేవాళ్లట. "అరిచి చూశాను. కాగితాలు పంపించి చూశాను. వాళ్లూ గట్టిగా సరేనండి అనేవాళ్లు. ఒకరోజు విసిగిపోయి ఒక లైన్‌మన్‌తో, నేనేం చెప్పానో మీరు చెప్పండి చూద్దాం అన్నాను. ఆయన చెప్పిందానికీ నేను చెప్పినదానికీ పోలికే లేదు! కోపం వచ్చింది. తర్వాత ఆయన, మేడం, ఇప్పుడు నేను చెప్పేది మీరు చెప్పండి అన్నాడు. నేనూ చెప్పలేకపోయాను" అన్నారు. ఆ చివరి మాట చెప్పి పకపకా నవ్వారు. నవ్వినప్పుడు మాత్రం ఆమె గొంతు పెద్దగా ఉండేది.

శిక్షణ చివరి రోజు హాల్లోకి అంకమ్మరావు వచ్చాడు. ఎడమచేత్తో తలుపు తోసుకుంటూ లోపలికి వస్తుంటే అందరం లేచి నిలబడ్డాం. కుడి చొక్కా చెయ్యి మడిచి పిన్నుతో గుచ్చి ఉంది. ఆమె అంతకుముందే అతని ఊరు వెళ్లారనీ, ఒక పూటంతా అతని ఇంటి అరుగు మీద కూర్చున్నారనీ, రమ్మని బలవంతపెట్టలేదనీ తర్వాత అతనే చెప్పాడు. ప్రసాద్‌ను కూడా ముందే అడిగారట. ఇష్టం లేకపోతే వద్దన్నారట. ప్రసాద్ ఒప్పుకున్నాడు కానీ, అంకమ్మరావును చూసేసరికి ముఖం పాలిపోయింది. ఆ ప్రమాదం తర్వాత వాళ్లిద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు.

ఆమె వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. "ఒకరు చెప్పాలి. రెండోవారు జవాబు చెప్పకూడదు. తను విన్నది తిరిగి చెప్పాలి. చెప్పినవారు అవును, ఇదే అన్నాకే తన మాట" అన్నారు. అంకమ్మరావు ఎడమచేత్తో మోకాలు రుద్దుకున్నాడు. తర్వాత, "నేను ఆస్పత్రిలో అన్నాళ్లున్నా. నువ్వు రాలేదు" అన్నాడు.

ప్రసాద్ వెంటనే అందుకున్నాడు. "ఎట్లా వస్తాను? కేసు నడుస్తోంది, మీవాళ్లు కొడతారని..."

"ప్రసాద్ గారూ, జవాబు తర్వాత. ఆయనేమన్నారో ముందు చెప్పండి" అన్నారు ఆమె.

ప్రసాద్ తడబడ్డాడు. "చూసుకోకుండా కరెంటిచ్చి నీ చెయ్యి పోగొట్టానని అంటున్నావు."

"అది నేననలేదు" అన్నాడు అంకమ్మరావు.

"నా వల్ల నీ జీవితం పాడైందని అంటున్నావు."

"అదీ అన్లేదు."

ప్రసాద్ ఆమె వైపు చూశాడు. ఆమె ఏమీ అందించలేదు. అతను కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచేసరికి అవి నిండిపోయి ఉన్నాయి. "నేను చూడ్డానికి రాలేదని... నువ్వు నాకోసం ఎదురుచూశావు" అన్నాడు.

"అవును" అన్నాడు అంకమ్మరావు. "అదే. అందరూ వచ్చారు. నాయకులొచ్చారు, ఆఫీసర్లొచ్చారు. తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేమో అనుకున్నా. నువ్వు కావాలని చేసేవాడివి కాదని నాకు తెలుసు. ఆ మాట నీతో అందామంటే నువ్వే రాలేదు."

ప్రసాద్ మోకాళ్ల మీదకు వంగి వెక్కి వెక్కి ఏడ్చాడు. అంతకాలమూ అతను విన్నది అంకమ్మరావు ఎన్నడూ అనని మాట. అప్పుడు వెనక వరసలోంచి వెంకటేశ్వర్లు లేచాడు. ఎవరూ పిలవలేదు. నడిచి ముందుకొచ్చి, "అంకమ్మా, ఫోన్లో ఊరి పేరు చెప్పానని అందరికీ చెప్పా. చెప్పానో లేదో నాకు గుర్తులేదురా. మనది అనే ఉంటాను. నేనెప్పుడూ అట్లానే అంటాను" అన్నాడు. అంకమ్మరావు అతన్ని చూస్తూ, నిబంధన గుర్తొచ్చినట్టు, ఆ మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగి చెప్పాడు. "ఇదేనా బాబాయ్?" అని అడిగాడు. వెంకటేశ్వర్లు తలూపాడు. నేను సైదాబీ మేడం వైపు చూశాను. ఆమె గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంటున్నారు.

ఆ తర్వాత వెంకటేశ్వర్లు తనంతట తానే వెళ్లి పైఅధికారులకు కాగితం రాసిచ్చాడు. కొంత శిక్ష పడింది, ఉద్యోగం నిలిచింది. అంకమ్మరావుకు ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు. పోయిన చెయ్యి తిరిగి రాలేదు. అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. కానీ స్విచ్చు పక్కన కాపలా కుర్చీ మాత్రం తీసేశారు. ఎవరు తీశారో కూడా నాకు తెలియదు.

శిక్షణతో తన పని అయిపోయిందని ఆమె అనుకోలేదు. కొన్ని వారాల తర్వాత మా సబ్‌స్టేషన్‌కు వచ్చి, ఒక పూట కొందరు లైన్‌మన్లను లోపల ఫోన్ల దగ్గర కూర్చోబెట్టి, నన్నూ ప్రసాద్‌నూ బయటికి పంపారు. నేను పొగాకు చేల మధ్య ఒక స్తంభం కింద నిలబడి తాడు పట్టుకున్నాను. పైన వెంకటేశ్వర్లు. పక్కన ట్రాక్టరు మోత, చుట్టూ మోటార్లు ఆగిపోయాయని అరిచే రైతులు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే నా గొంతు నాకే వినపడలేదు. నేనూ "ఆఁ, అదే" అని పెట్టేశాను. అవతలివాళ్లు అంత పొట్టిగా ఎందుకు మాట్లాడతారో ఆ ఎండలో నాకు మొదటిసారి అర్థమైంది. లోపల కూర్చున్న లైన్‌మన్లకేమో, ఒకేసారి మోగే ఫోన్లలో ఎవరు ఎక్కడున్నారో గుర్తుపెట్టుకోవడం ఎంత కష్టమో తెలిసింది. సాయంత్రం అందరం చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నాం. లైన్‌కి ఊరి పేరు తప్ప ఇంకో పేరు వాడకూడదని, పని చేయించే మనిషే ఫోన్ చెయ్యాలని, ఎంత తొందరైనా తిరిగి చెప్పకుండా స్విచ్చు ముట్టకూడదని ఒప్పుకున్నాం. ఆమె ఆ మాటలు ఒక్కటీ చెప్పలేదు. అన్నీ మేమే అన్నాం. ఆమె వింటూ కూర్చున్నారు.

మరుసటి వేసవిలో పరీక్ష వచ్చింది. పట్టపగలు ఈదురుగాలి లేచి కొత్తపాలెం లైన్ తెగింది. రైతులు గుంపుగా సబ్‌స్టేషన్ మీదకొచ్చారు. పత్తి గింజలు నాటి నీళ్లు పెడుతున్న రోజులు. గేటు ఊపుతున్నారు. మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, ఎక్కడో వేరే ఊళ్లో ఉండి ఫోన్ చేశారు. "పని అయిపోయిందంట, ఇచ్చెయ్యవయ్యా, ఇక్కడ నా ప్రాణం తీస్తున్నారు" అన్నారు. ఆయన నా పైఅధికారి. "సార్, కొత్తపాలెం పని అయిందని మీకు ఎవరో చెప్పారు. ఇవ్వమంటున్నారు. మీరు చెప్పింది ఇదే కదండీ? వెంకటేశ్వర్లు గారి నోటి నుంచి నాకింకా రాలేదు. ఆయన చెప్పిన వెంటనే ఇస్తాను" అన్నాను. ఆయన ఫోను విసురుగా పెట్టేశారు. గేటు బయట నన్ను తిట్టని తిట్టు లేదు. ప్రసాద్ ఆరోజు సెలవు. అయినా గొడవ విని వచ్చి, నా పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి వెంకటేశ్వర్లు ఫోన్ వచ్చింది. "కొత్తపాలెం ఫీడర్. పని ఇప్పుడయింది. చివరి స్తంభం మీద మనవాడు ఒకడు ఇంతవరకూ ఉన్నాడు, ఇప్పుడే దిగాడు. అందరూ నా కళ్ల ముందున్నారు" అన్నాడు. నేను ఒక్కో మాటా తిరిగి చెప్పాను. "ఇదే శీనూ, ఇదే" అన్నాడతను.

ఆ సాయంత్రం సైదాబీ మేడానికి ఫోన్ చేసి అంతా చెప్పాను. మెచ్చుకుంటారని ఆశపడ్డాను. ఆమె చివరిదాకా విని, "వెంకటేశ్వర్లు గారికి చెప్పారా, ఆయన మాట కోసం ఆగానని?" అని అడిగారు. చెప్పలేదన్నాను. "చెప్పండి. తన మాటకు అంత విలువుందని ఆయనకూ తెలియాలి కదా" అన్నారు. మర్నాడు చెప్పాను. వెంకటేశ్వర్లు నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. ఏఈ గారు కూడా తర్వాత వచ్చి, "ఆ రోజు ఆపి మంచిపని చేశావు" అన్నారు. ఆయన కూడా అప్పట్నుంచి ఫోన్ చేస్తే లైన్ పేరు లేకుండా మాట్లాడలేదు.

ఆమె ఉద్యోగ విరమణ చేసి కనిగిరి వెళ్లిపోయారు. అప్పుడప్పుడు ఫోన్ చేసేవాణ్ణి. సబ్‌స్టేషన్‌కు ఇన్‌ఛార్జిని అయ్యానని చెప్పినప్పుడు, "ఇక మీతో నిజం చెప్పేవాళ్లు తగ్గిపోతారు, జాగ్రత్త" అన్నారు. ఆ హెచ్చరిక నాకు ఏ శిక్షణలోనూ దొరకలేదు. కొత్తవాళ్లెవరైనా నా గదిలోకి వచ్చి సగం మాట్లాడి ఆగిపోతే, ఆ మిగతా సగం వినేదాకా వాళ్లను పంపకూడదని అప్పట్నుంచీ ఒక నియమం పెట్టుకున్నాను. చాలాసార్లు అసలు విషయం ఆ మిగతా సగంలోనే ఉండేది.

పోయిన ఏడాది ఆమె చనిపోయారని తెలిసింది. తెలిసేసరికే ఆలస్యమైంది, అంత్యక్రియలు అందుకోలేకపోయాను. తర్వాత ఒకరోజు బస్సెక్కి కనిగిరి వెళ్లాను. కొండ వైపు వీధిలో చిన్న డాబా ఇల్లు. వరండాలో అప్పటికే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఎవరూ బంధువుల్లా లేరు. ఒకాయన చీరాల దగ్గర లైన్‌మన్. ఇంకొకావిడ ఒంగోలులో గుమస్తా. ఇంకొకతను ఆమె కింద పనిచేసిన డ్రైవరు. పరిచయాలయ్యాక ఒక్కొక్కరూ తమ తమ కథ చెప్పారు. వింటుంటే లోపలెక్కడో చిన్న అసూయలాంటిది కదిలింది. ఇన్నాళ్లూ ఆమె నా మాటే అందరికంటే శ్రద్ధగా వినేవారని అనుకున్నాను. అక్కడున్న ప్రతి ఒక్కరూ అదే అనుకుంటున్నారు.

మిగతావాళ్లు వెళ్లాక ఆమె భర్త కరీముల్లా గారు నా పక్కన కూర్చున్నారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. నాకు గుంటూరుకు నేరుగా వెళ్లే ఆఖరి బస్సుకు వేళయింది. లేవబోతుంటే ఆయన, "పెళ్లయిన కొత్తలో ఒకసారి..." అని మొదలుపెట్టి, నేను సంచీ అందుకోవడం చూసి, "పోన్లెండి, మీకు బస్సు వేళవుతుంది" అని ఆపేశారు. ఇంట్లో ఇక ఆయన మాట వినేవాళ్లు ఎవరూ లేరని ఆ ఆపడంలోనే తెలిసింది. నేను సంచీ కింద పెట్టి, చేతిలోని ఫోను జేబులో వేసుకున్నాను. "పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నారు. తర్వాత?" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశారు. కుర్చీ ఇంకొంచెం దగ్గరకు జరుపుకున్నారు. వీధి చివర బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. మేమిద్దరం అటు చూడలేదు.